పేరు రాయని సోర్సు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల విలేకరులు తరచుగా అడిగే ప్రశ్నలు

మండల కంట్రిబ్యూటర్లు, జిల్లా డెస్కులో కొత్తగా చేరిన సబ్ ఎడిటర్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. జవాబులన్నీ అచ్చు పత్రికను దృష్టిలో పెట్టుకుని రాసినవి.

పేరు రాయని సోర్సుకూ ఆకాశరామన్నకూ తేడా ఏమిటి?

ఆకాశరామన్న ఉత్తరం రాసిందెవరో మనకే తెలియదు. పేరు రాయని సోర్సు, అంటే మనకు సమాచారమిచ్చినవారు, అలా కాదు. మనిషెవరో, ఎక్కడ పనిచేస్తారో, ఆ సంగతి వారికెలా తెలిసిందో అన్నీ మనకు తెలుసు. పాఠకుడికి మాత్రమే చెప్పం. ఆకాశరామన్న అర్జీని పట్టుకుని వార్త రాయకూడదు, అలాగని చెత్తబుట్టలోనూ వేయకూడదు. అందులో సర్వే నంబరో, బిల్లు తేదీయో ఉంటే దాన్ని పట్టుకుని విచారించుకోవాలి. సొంతంగా తేలిన విషయాన్నే రాయాలి. "మా కార్యాలయానికి అందిన లేఖ ప్రకారం" అని రాసి చేతులు దులుపుకోవడం కుదరదు.

"విశ్వసనీయ వర్గాల సమాచారం" అని రాస్తే చాలదా?

చాలదు. ఏ వర్గాలు? వారి మీద విశ్వాసం ఎవరికి? ఆ మాట పాఠకుడికి ఏమీ చెప్పదు. పైగా మాట్లాడింది ఒక్కరే అయినప్పుడు "వర్గాలు" అని బహువచనం వాడితే అబద్ధం రాసినట్టే. ఒకరైతే "ఒకరు" అనే రాయాలి.

మన వార్తల్లో వాక్యం చివర వచ్చే మాటలకు కూడా తూకం ఉంది. "తెలిసింది" అంటే పత్రిక నిర్ధారించుకుంది. "తెలుస్తోంది" అంటే ఆనవాళ్లున్నాయి, ఇంకా తేలలేదు. "అంటున్నారు" అని రాస్తే ఎవరంటున్నారో పక్క వాక్యంలో ఉండి తీరాలి. "ప్రచారం జరుగుతోంది" అంటే సోర్సే లేదని ఒప్పుకోవడం. "గుసగుసలు వినిపిస్తున్నాయి" అనేది వార్తే కాదు. డెస్కులో "తెలుస్తోంది"ని "తెలిసింది"గా దిద్దేవాళ్లున్నారు, వాక్యం గట్టిగా ఉంటుందని. ఆ ఒక్క దిద్దుబాటుతో వార్త బాధ్యత మొత్తం మారిపోతుంది. రిపోర్టర్‌ను అడగకుండా ఆ మాట ముట్టుకోవద్దు.

"ఆఫ్ ది రికార్డ్" అని చెప్పింది రాయొచ్చా?

ముందు ఆ మాటను ఆయన ఏ అర్థంలో వాడారో తేల్చుకోండి. కలెక్టరేట్‌లో ఒకరికి ఆఫ్ ది రికార్డ్ అంటే "నా పేరు వద్దు, విషయం రాసుకో" అని. మరొకరికి "అసలు రాయొద్దు, నీ ఎరుకలో ఉంచుకో" అని. మధ్యలో ఇంకో రకం ఉంది: విషయం రాయొచ్చు గానీ ఏ శాఖ నుంచి వచ్చిందో కూడా తెలియకూడదు. కాబట్టి ఇంగ్లిషు మాటను పక్కనపెట్టి మూడు ప్రశ్నలు తెలుగులోనే అడగండి. విషయం రాయొచ్చా? మీరన్న మాటలను ఉన్నవున్నట్టు కోట్ చేయొచ్చా? మీ గురించి ఏమని రాయమంటారు? మూడో దానికి వచ్చిన జవాబును నోట్సులో అక్షరాలా రాసుకోండి.

ఒప్పందం మాట్లాడకముందే కుదరాలి. అరగంట మాట్లాడి లేచేటప్పుడు "ఇదేం రాయబాకండి" అంటే? రోజూ విలేకరులతో మాట్లాడే అధికారి, నాయకుడు అయితే ఆ మాటకు కట్టుబడాల్సిన పని లేదు. ఆ సంగతి అప్పుడే ఆయన ముఖం మీద చెప్పాలి. జీవితంలో మొదటిసారి విలేకరితో మాట్లాడుతున్న అంగన్‌వాడీ ఆయానో, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో రోజుకూలీగా చేసే ఆమో "నా పేరు యాడా రానీబాకన్నా" అంటే లెక్క వేరు. ఆమెకు మన నియమాలు తెలియవు. తెలియనివారి మీద నియమం ప్రయోగించకూడదు.

ఎవరికి పేరు దాస్తామని మాటివ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు?

మాటిచ్చే ముందు చూసుకోవాల్సినవి ఇవి. ఆ సంగతి వారు కళ్లారా చూసిందా, చేతులతో చేసిందా, లేక విన్నదా? పేరు బయటపడితే నిజంగా నష్టం ఉందా: ఉద్యోగం, బదిలీ, దాడి, బిల్లు ఆగిపోవడం? ఆ విషయం పేరున్న మనిషి ద్వారాగానీ, కాగితం ద్వారాగానీ దొరికే దారి లేదా?

అభిప్రాయానికి, తిట్టుకు ఎప్పుడూ పేరు దాచొద్దు. "ఎమ్మెల్యే తీరుపై కార్యకర్తల్లో అసంతృప్తి ఉందని పేరు చెప్పడానికి ఇష్టపడని నాయకుడు అన్నారు" అనే వాక్యం జిల్లా పేజీల్లో కావలసినంత దొరుకుతుంది. అందులో వాస్తవం లేదు, ఒకరి కోపం ఉంది. ఎన్నికల ముందు "టికెట్ ఫలానా వారికే" వార్తలూ ఇంతే. చెప్పినవాడే టికెట్ అడుగుతున్నవాడై ఉంటాడు, తన పేరును తానే గాలిలోకి వదులుతుంటాడు.

కక్షతో ఇచ్చిన సమాచారాన్ని వాడుకోవచ్చా?

నిజమైతే వాడుకోవచ్చు. ఏ ఆశా, కోపమూ లేకుండా ఫైలు తెచ్చిచ్చేవాళ్లు తక్కువ. చీమకుర్తి క్వారీ మీద సమాచారం పక్క లీజుదారు ఇవ్వొచ్చు, తహసీల్దార్ మీద సమాచారం ఆ కుర్చీ కోసం చూస్తున్నవారు ఇవ్వొచ్చు. ఆ ప్రయోజనం పాఠకుడికి తెలియాలి. "అదే వ్యాపారంలో ఉన్న ఒకరు" అని రాస్తే పేరు దాగుతుంది, పోటీ ఉన్న సంగతీ తెలుస్తుంది. అందులో రెండోదాన్ని కూడా దాచమంటే ఆ సమాచారం వద్దనుకోవడమే మంచిది.

ఎంతమంది చెబితే రాయొచ్చు?

ఇద్దరు అన్నది పాత లెక్క. ఇద్దరూ విడివిడిగా తెలుసుకున్నవారై ఉండాలి. ఒకే సమీక్షా సమావేశం గురించి ఒకే సూపరింటెండెంట్ నోట విన్న ఇద్దరు గుమస్తాలు రెండు సోర్సులు కారు, ఒకటే.

మనిషి కంటే కాగితం మేలు. ఉదాహరణకు ధాన్యం సీజన్లో కోవూరు వైపు ఒక మిల్లు గుమస్తా "పుట్టికి 40 కిలోలు ఎక్కువ లాగుతున్నారు" అన్నాడనుకుందాం. నెల్లూరు పుట్టి 850 కిలోలు. ఇప్పుడు గుమస్తాను వదిలేసి రైతుల దగ్గరికి పోవాలి. కనీసం మూడు ఊళ్లలో, ఒకరికొకరు చుట్టాలు కాని నలుగురైదుగురిని కలవాలి. లోడు మిల్లుకు పోకముందు బయటి వేబ్రిడ్జిలో తీసిన చీటీ, తర్వాత ఇచ్చిన ట్రక్ షీటు, ఖాతాలో పడిన డబ్బు — ఈ మూడూ పక్కపక్కన పెట్టాలి. చీటీలో నికర బరువు 8,500 కిలోలుంటే అది 10 పుట్లు. డబ్బు 8,100 కిలోలకే పడితే తేడా 400 కిలోలు, అంటే పుట్టికి 40. గుమస్తా మాట నిలిచింది.

ఇక్కడే చాలామంది తడబడతారు. గోనె సంచుల బరువు తీసేశారా? తేమ ఎంత వచ్చింది? కొనుగోలు నిబంధనల్లో తేమ పరిమితి 17 శాతం. రైతు ధాన్యం 20 శాతంతో పోయి ఉంటే ఆ కోతకు మిల్లరు దగ్గర జవాబుంటుంది, మర్నాడు ఖండన వస్తుంది. తేమ నమోదైన కాగితం కూడా చూశాకే లెక్క కట్టాలి. ఇంత చేశాక వార్తలో గుమస్తా ప్రస్తావనే అక్కర్లేదు. రైతులు పేర్లతో మాట్లాడతారు, చీటీలు సాక్ష్యమిస్తాయి. సోర్సును వార్తలోంచి పూర్తిగా తీసేయగలగడాన్ని మించిన రక్షణ లేదు.

పేరు రాయకపోయినా మనిషి దొరికిపోతున్నారు. ఎందుకు?

ఢిల్లీలో "మంత్రిత్వ శాఖ అధికారి" అంటే వందల మందిలో ఒకరు. మన మండల రెవెన్యూ కార్యాలయంలో డిప్యూటీ తహసీల్దార్ ఎవరు, సర్వేయర్ ఎవరు అంటే వేలు పెట్టి చూపిస్తారు. "తహసీల్దార్ కార్యాలయంలో ఒక మహిళా ఉద్యోగి" అని రాస్తే పేరు రాసినట్టే. పొగాకు వేలం కేంద్రంలో నిర్వహణాధికారి ఒక్కరే. ఒంగోలు, కొండపి, పొదిలి ఏదైనా సరే, కేంద్రం పేరు, "అధికారి" అన్న మాట ఒకే వాక్యంలో ఉంటే చాలు.

కొలత ఒకటి పెట్టుకోండి: మీరు రాసిన వర్ణనకు కనీసం పదిహేను మంది సరిపోవాలి. సరిపోకపోతే వలయం పెంచండి. మండలం తీసి డివిజన్ చేయండి, హోదా తీసి "రెవెన్యూ శాఖలో పనిచేస్తున్న ఒకరు" అనండి. పెంచొచ్చు గానీ మార్చకూడదు. ఆడమనిషిని మగవాడిగా, సర్వేయర్‌ను వీఆర్వోగా రాస్తే అది కల్పన.

ఈ విషయంలో తెలుగు మనకు పెద్ద సాయం. "చెప్పాడు", "చెప్పింది" అన్నప్పుడు బయటపడేది "ఒకరు చెప్పారు" అంటే బయటపడదు. మొదటి పేరాలో ఇంత జాగ్రత్తగా రాసి, ఎనిమిదో పేరాలో "ఆమె వాపోయారు" అని జారేవాళ్లున్నారు. పేజీ పోయే ముందు సర్వనామాల కోసమే ఒకసారి కాపీ చదవాలి.

మాట తీరు కూడా పట్టిస్తుంది. కనిగిరి యాసలో మాట్లాడే మనిషి నెల్లూరు ఆఫీసులో ఒక్కరే ఉంటే, ఆ యాసను కోట్‌లో ఉంచకూడదు. ఊతపదాలు, సామెతలు, "బేసిగ్గా" లాంటి అలవాటు మాటలూ అంతే. "మంగళవారం సాయంత్రం ఛాంబర్‌లో జరిగిన మాటల్లో" అని రాస్తే, ఆ ఛాంబర్‌లో ఉన్నది నలుగురే అయితే, విచారణ పది నిమిషాల్లో అయిపోతుంది.

ఫైలు ఫొటో ఇచ్చారు. పేపర్లో వేయొచ్చా?

సారాంశం వేయండి, బొమ్మ వేయొద్దు. ఫొటోలో పక్కన కనబడే బల్ల అద్దం, మడత, మూలన పెన్సిలు గీత, ఇన్‌వర్డ్ నంబరు, ఎవరి పొట్టి సంతకం పడ్డాక తీశారన్నది, ఇవన్నీ ఆ కాగితం ఎవరి చేతిలో ఉండగా బయటికొచ్చిందో చెబుతాయి. ఈ-ఆఫీసు ఫైలు అయితే ఎవరు ఎప్పుడు తెరిచారో లాగిన్ వివరాలుంటాయి. చాలా కలర్ లేజర్ ప్రింటర్లు కంటికి కనబడని పసుపు చుక్కలతో తేదీ, యంత్రం నంబరు ముద్రిస్తాయి. 2017లో అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ పత్రం ఒకటి వార్తాసంస్థకు చేరింది. నిర్ధారణ కోసం వాళ్లు చూపించిన ప్రతిలో మడతలున్నాయి. అంటే అది ప్రింటు తీసిందే. ప్రింటు తీసినవాళ్లు ఆరుగురే. అలా పత్రం పంపిన రియాలిటీ విన్నర్ అనే ఉద్యోగిని దొరికిపోయింది. నిర్ధారణకు అధికారికి ఫొటో చూపించకండి, అందులోని అంకెను అడగండి.

అదే కాగితాన్ని సమాచార హక్కు కింద తెప్పించుకోవడం ఇంకా మేలు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు. అయితే దరఖాస్తులో ఫైలు నంబరు, నోట్‌ఫైలు పేజీ నంబరు ఉన్నవున్నట్టు రాయకండి. బయటివాడికి తెలియని నంబరు మీకెలా తెలిసిందనే మొదట చూస్తారు. "ఫలానా పనికి 2023 నుంచి చెల్లించిన బిల్లులన్నీ" అని విశాలంగా అడగండి, మీక్కావలసింది అందులో వస్తుంది.

ఫోన్లో మాట్లాడొచ్చా? వాట్సాప్ భద్రమేనా?

వాట్సాప్ సందేశం దారిలో ఎవరికీ కనబడదన్నది నిజమే. కానీ ప్రమాదం దారిలో కాదు, రెండు చివరలా ఉంది. సోర్సు ఫోను పైఅధికారి చేతిలో పడితే మీ పేరు పైనే ఉంటుంది. మామూలు కాల్ అయితే ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు చేశారో కాల్ డేటాలో ఉంటుంది. ఏం మాట్లాడారో తెలియక్కర్లేదు.

సందేశాలు వాటంతటవే పోయే అమరిక పెట్టండి, చాట్ బ్యాకప్ ఆపండి. రెండు వైపులా చేస్తేనే ప్రయోజనం. "సోర్స్ ఆర్ఐ" (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) అని పేరు సేవ్ చేసేవాళ్లకు చెప్పేదేముంది! ఫొటోను మామూలుగా పంపితే వాట్సాప్ అందులోని లొకేషన్ వివరాలను తీసేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపితే ఉంచేస్తుంది. బ్యూరో గ్రూపులో సోర్సు పేరుగానీ, స్క్రీన్‌షాట్‌గానీ ఎప్పుడూ పెట్టొద్దు. ఆ గ్రూపులో ఎవరికి ఎవరు చుట్టమో మనకు తెలియదు.

ఒంగోలు ప్రకాశం భవన్ ఎదురుగా టీ కొట్టులో కలవడం మానండి. అలాగని ఎప్పుడూ పోని చోటుకు ప్రత్యేకంగా పోయి కలిసినా అనుమానమే. వారానికోసారి ఆఫీసంతా తిరిగి అందరినీ పలకరించే అలవాటున్న విలేకరికి, ఆ అందరిలో ఒకరిని దాచడం తేలిక.

డెస్కుకు పేరు చెప్పాలా?

ఒక్కరికి చెప్పాలి, నోటితో చెప్పాలి. ఆ ఒక్కరు వార్త వేయాలా వద్దా అని తేల్చే అధికారం ఉన్నవారు కావాలి. కాపీలో, మెయిల్లో రాయకూడదు. ఎవరికీ చెప్పనంటే ఏమవుతుందో 1981లో వాషింగ్టన్ పోస్ట్‌కు తెలిసింది. ఎనిమిదేళ్ల పిల్లవాడు హెరాయిన్‌కు బానిసయ్యాడని ఆ పత్రిక విలేకరి జానెట్ కుక్ రాసిన కథకు పులిట్జర్ బహుమతి వచ్చింది. పిల్లవాడి పేరు చెప్పమని ఎడిటర్లు పట్టుబట్టలేదు. పిల్లవాడే లేడని తేలి బహుమతి వెనక్కి ఇచ్చారు.

మన దగ్గర ఇంకో చిక్కుంది. చాలా మండలాల్లో వార్త పంపేదీ, ప్రకటనలు తెచ్చేదీ ఒకరే. ప్రకటన ఇవ్వని వ్యాపారి మీద పేరు లేని సోర్సుతో ఐటం వస్తే, డెస్కు రెండింతలు అడగాలి.

వివరణ అడిగేటప్పుడు సోర్సు బయటపడకుండా ఎలా?

ఒక్క ప్రశ్నే పట్టుకుపోతే అది ఎవరు చెప్పారో వెంటనే లెక్కేస్తారు. ఐదు ప్రశ్నలు తయారు చేసుకోండి, అసలుది మూడోదిగా పెట్టండి. సోర్సు వాడిన మాటలు వాడొద్దు. రాత్రి 8 గంటలకు ఫోన్ చేసి, ఎత్తలేదని "వివరణ కోరగా స్పందించలేదు" అని రాయడం న్యాయం కాదు. పగటిపూట అడగండి, సందేశం పంపండి, పంపిన సమయం నోట్సులో పెట్టుకోండి. రిజాయిండర్ (ఖండన లేఖ) వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడేది అదే.

పోలీసులు సోర్సు చెప్పమంటే?

మన దేశంలో సోర్సును చెప్పకుండా ఉండే హక్కునిచ్చే ప్రత్యేక చట్టం లేదు. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టం 15(2) సెక్షన్ ఆ రక్షణ ఇస్తుంది గానీ, అది కౌన్సిల్ ఎదుట జరిగే విచారణలకే. లా కమిషన్ 93వ నివేదిక 1983లోనే సాక్ష్య చట్టంలో ఈ రక్షణ చేర్చమంది, చేర్చలేదు. పెగాసస్ అనే ఫోన్ నిఘా సాఫ్ట్‌వేర్ కేసులో 2021 అక్టోబరు 27న సుప్రీంకోర్టు సోర్సుల రక్షణ పత్రికా స్వేచ్ఛకు మూలమని చెప్పింది. న్యాయవాది వాదనకు అది బలం. స్టేషన్లో ఎస్సై ముందు కూర్చున్నప్పుడు అంతగా పనికిరాదు.

అందుకే ఫోన్‌లో రమ్మంటే పోకండి, రాతపూర్వకంగా నోటీసు అడగండి. సాక్షిగా పిలిస్తే బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 179 సెక్షన్ కింద, పత్రాలో పరికరాలో అడిగితే 94 కింద నోటీసు ఉండాలి. 179 కింద మహిళలను, 60 దాటినవారిని ఇంటి దగ్గరే విచారించాలి. ఎడిటర్‌కు, న్యాయవాదికి చెప్పాకే కదలండి. నోటీసు అందాక ఫోనులో ఏదీ తుడపొద్దు, అది వేరే నేరం అవుతుంది. తుడిచేది ఏదైనా ఉంటే అది రోజువారీ అలవాటుగా ముందే జరగాలి.

పరువునష్టం కేసు (బీఎన్‌ఎస్, అంటే భారతీయ న్యాయ సంహిత, 356) సంగతి ముందే ఆలోచించండి. రాసింది నిజమని కోర్టులో రుజువు చేయాల్సింది మనం. సోర్సును బోనులో నిలబెట్టలేం. కాబట్టి కేసు లెక్కలో పేరు లేని సోర్సు లేనట్టే. "ఆయన లేకుండా ఈ ఐటం నిలుస్తుందా?" అని పేజీ పెట్టేముందే అడగాలి.

బాధితుల పేర్లకూ ఇదే పద్ధతా?

కాదు. అక్కడ మనకు ఎంపికే లేదు. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే బీఎన్‌ఎస్ 72 కింద రెండేళ్ల వరకు శిక్ష, పిల్లలైతే పోక్సో 23 కూడా. బాధితురాలు చనిపోయినా పేరు రాయకూడదని 2018లో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పేరొక్కటే కాదు: ఊరు, బడి, తండ్రి వృత్తి, ఇంటి ఫొటో ఏదైనా. "ఫలానా మండలంలోని హాస్టల్లో తొమ్మిదో తరగతి చదువుతున్న" అంటే ఊరంతటికీ తెలిసినట్టే. నిందితుడు బంధువైతే అతని పేరు కూడా రాయకూడదు, ఇంటిపేరు పట్టిస్తుంది.

సోర్సు డబ్బడిగితే?

ఇవ్వొద్దు. టీ ఖర్చు వరకు సరే.

సోర్సు కావాలనే అబద్ధం చెప్పారని తేలితే?

తెలిసీ మోసం చేస్తే మాట చెల్లదని మొదటిరోజే చెప్పి ఉంచాలి. చెప్పకుండా తర్వాత పేరు బయటపెట్టడం ప్రమాదం. 1982లో అమెరికాలోని మినెసోటాలో రెండు పత్రికల విలేకరులు డాన్ కోహెన్ అనే సోర్సుకు పేరు దాస్తామని మాటిస్తే, ఎడిటర్లు మాట తప్పి పేరు వేశారు. వ్యవహారం అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయి చివరికి 2 లక్షల డాలర్లు కట్టారు. ఆయన అబద్ధం కూడా ఆడలేదు. తెలియక పొరపాటు పడిన సోర్సుకైతే ఇచ్చిన మాట చెల్లుతుంది. సవరణ మనమే వేసుకోవాలి.

ఎన్నాళ్లు దాచాలి?

వారు వదిలేదాకా. బోఫోర్స్ ఫిరంగుల ముడుపుల పత్రాలు విలేకరి చిత్రా సుబ్రమణ్యంకు ఇచ్చింది స్వీడన్ పోలీసు అధికారి స్టెన్ లిండ్‌స్ట్రోమ్ అని 2012లో ఆయనే చెప్పుకునేదాకా పాతికేళ్లు బయటికి రాలేదు. సోర్సు రిటైరైనా, పార్టీ మారినా, మీరు పత్రిక మారినా మాట మీతోనే వస్తుంది. చనిపోతే కుటుంబాన్ని చూసుకోవాలి. కొడుకు అదే శాఖలో కారుణ్య నియామకం కోసం ఎదురుచూస్తుంటే ఇంకా దాచాల్సిందే. పాత నోట్సు పుస్తకాలను చిత్తుకాగితాల వాడికి వేసేముందు ఆ పేజీలు చింపి కాల్చండి.